కాంప్లెక్స్ సమావేశం వెనుక కథ: కర్నూలు ప్రాథమిక బడుల్లో శిక్షణల నేపథ్యం

కర్నూలు జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల మధ్య కాంప్లెక్స్ సమావేశం మాట వస్తే, "ఈసారి ఏ ఫార్మాట్ నింపాలి సార్?" అన్న ప్రశ్నే ముందుగా వినిపిస్తుంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట కలిసి, పక్క బడి పంతుల్ని చూసి నేర్చుకోవడానికి పుట్టిన ఏర్పాటు ఇది.

ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకుని చుట్టుపక్కల బడులను ఒక సముదాయంగా (స్కూల్ కాంప్లెక్స్‌గా) కలపాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. ఆ ఆలోచనకు మన దగ్గర ప్రాణం పోసింది మాత్రం, నా దృష్టిలో, 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమే. కృత్యాలను ఉపాధ్యాయుడే తయారుచేసుకోవడం, పిల్లలను జట్లుగా కూర్చోబెట్టడం, ఊరి పరిసరాలను పాఠంలోకి తేవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాల మీద అది నడిచింది. పాఠం చెప్పి చూపడానికీ, తప్పొప్పులు మాట్లాడుకోవడానికీ ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. గోడ నుంచి గోడకు పురికొస కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీయడం అప్పటి అలవాటే.

1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా జిల్లాకొక ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డైట్) వచ్చింది. కర్నూలుకు అది బి.తాండ్రపాడులో ఉంది. 1996లో రాష్ట్రంలో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) తొలి విడతకు ఎంచుకున్న ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మండల రిసోర్సు కేంద్రాలు బలపడ్డది ఆ రోజుల్లోనే. 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్ అదే దారిని మరింత వెడల్పు చేసింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. రాష్ట్రంలో తయారైన శిక్షణ మాడ్యూలు జిల్లాకూ, మండలానికీ దిగి, బడికి చేరేసరికి పలుచనైపోయేది. ఇంట్లో కన్నడం మాట్లాడే హొళగుంద పిల్లల గురించి గానీ, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలతో మధ్యలోనే బడి విడిచే కోసిగి పిల్లల గురించి గానీ అందులో చోటు దొరకడం కష్టమే.

2019లో నిష్ఠ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ, ఆపై కరోనా కాలపు ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి. 2022లో జీవో 117 మూడు నుంచి ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు మళ్లించింది. 2025లో దాన్ని రద్దు చేసి బడులను మళ్లీ కొత్తగా వర్గీకరించారు. మూడేళ్లలో రెండుసార్లు బడి రూపమే మారినా, శిక్షణలు ఎక్కువగా పాఠ్యబోధన చుట్టే తిరిగాయి తప్ప, ప్రాథమిక బడిలో మిగిలిన ఇద్దరు ఉపాధ్యాయులు తరగతులను ఎలా పంచుకోవాలో ప్రధానోపాధ్యాయుడితో కూర్చుని ఆలోచించింది తక్కువ. ఆ ఇద్దరిలో ఒకరు శిక్షణకు వెళితే, ఆ రోజు బడి మొత్తం రెండోవారిదే. కాంప్లెక్స్ సమావేశ ఎజెండాలో నమూనా పాఠం ఇప్పటికీ ఉంటుంది. సర్క్యులర్లు చదవడం పూర్తయ్యాక దాని వంతు వస్తుంది.