దుప్పటి పిండటం, మోటార్‌హోమ్ ఊగటం

టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు రెండేళ్ళ కిందట ఒక సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొన్నాడు, అంటే లోపలే ఉండేలా కట్టిన ఇల్లులాంటి బస్సు. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ (ఇంజను, ఇరుసులు ఉండే కింది చట్రం) మీద కట్టిన బండి, దాదాపు 32 అడుగులు. కొన్న నెలకే ఫోన్ చేసి, "పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడల్లా బండి ముందు దాని వైపుకి తిరుగుతోందిరా, వెంటనే అవతలికి తోస్తోంది, మళ్ళీ లాగుతోంది, స్టీరింగ్ ఒక్క నిమిషం వదులుగా పట్టుకోలేకపోతున్నా, స్టీరింగ్ కుదుపుని తగ్గించే డ్యాంపర్ అని ఒకటి అమ్ముతున్నారు, కొననా?" అని అడిగాడు. పోయిన ఏప్రిల్‌లో అమరిల్లో నుంచి ఆల్బకర్కీకి ఐ-40 హైవే మీద ఆ బండిలోనే వాళ్ళతో వెళ్ళాను, అప్పుడు అర్థమైంది ఆయన ఎందుకు అలా అడిగాడో. అక్కడ చెట్టు లేదు గుట్ట లేదు, గాలి ఎక్కడినుంచో మొదలై నేరుగా మన బండికే తగులుతుంది.

ఆ గాలి ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. బండి పక్కగోడ 10 మీటర్లు పొడవు, 2.8 మీటర్లు ఎత్తు అనుకుంటే 28 చదరపు మీటర్లు. గంటకి 36 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే, బండి ఆగి ఉన్నా సరే, ఆ గోడ మీద దాదాపు 170 కేజీల తోపు పడుతుంది. గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలు, అంటే 680 కేజీలు. ఇక ట్రక్కు సంగతి. అమెరికాలో ఎడమవైపు నుంచి దాటతారు కదా, ట్రక్కు మూతి ముందు నొక్కుకుపోయిన గాలి మొదట మన బండి తోకని కుడికి తోస్తుంది, తోక కుడికి పోతే ముక్కు ఎడమకి, అంటే ట్రక్కు వైపుకే తిరుగుతుంది. ఆ మూతి మన ముక్కు దాకా వచ్చేసరికి ముందుభాగాన్ని కుడికి తోస్తుంది. తర్వాత రెండు బండ్ల మధ్య సందులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, మనం మళ్ళీ ట్రక్కు వైపుకి లాగబడతాం. అన్నయ్య ఫోన్లో చెప్పిన వరస సరిగ్గా ఇదే. పెద్దమ్మ మాత్రం కొత్త బండికి దిష్టి తగిలింది అని నిమ్మకాయలు తొక్కించారు. వాహన పూజ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, గుడి ముందు బండి నిలబెట్టి కొబ్బరికాయ కొట్టడం నాకూ ఇష్టమే, కానీ దిష్టి అనేసుకుంటే బండి కిందకి టార్చిలైటు పట్టుకుని దూరేవాళ్ళు ఉండరు, అసలు కారణమేమో అక్కడే ఉంటుంది.

బండి కింద ముందూ వెనకా అడ్డంగా ఒక లావుపాటి ఇనప కడ్డీ ఉంటుంది, స్వే బార్ అంటారు. నాకు ఈ వాహనాల్లో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఇదే. చిన్నప్పుడు తడి దుప్పటి పిండటానికి అమ్మ ఒక చివర పట్టుకుంటే మనం రెండో చివర పట్టుకునేవాళ్ళం గుర్తుందా, అమ్మ ఒకవైపుకి మెలి తిప్పితే మనం ఎదురువైపుకి తిప్పాలి, ఇద్దరం ఒకేవైపుకి తిప్పితే దుప్పటి ఊరికే దొర్లుతుంది తప్ప చుక్క నీళ్ళు రావు. స్వే బార్ ఆ దుప్పటే. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీ రెండు చివరలూ ఒకేవైపుకి తిరుగుతాయి, కడ్డీకి మెలిక పడదు, అడ్డు చెప్పదు. బండి ఒకవైపుకి ఒరిగిందనుకోండి, ఒక చివర పైకి, రెండోది కిందకి, అంటే దుప్పటి పిండినట్టే, అప్పుడు కడ్డీ ఎదురుతిరుగుతుంది. అంటే గతుకుల్లో మెత్తగా ఉంటూ ఒరుగుడుని మాత్రం పట్టుకుంటుంది, ఏ సెన్సారూ లేకుండా, ఒక్క వంచిన కడ్డీ!

చేతిరుమాలు మెలిపెట్టడం తేలిక, బొంత మెలిపెట్టడం కష్టం. కడ్డీ గట్టితనం లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 32 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 38 వేస్తే లావు పెరిగింది 19 శాతమే గానీ గట్టితనం దాదాపు రెట్టింపు. మెకానికల్ చదివిన ప్రతి తెలుగు పిల్లాడికీ "టీ బై జే ఈక్వల్టు జీ తీటా బై ఎల్" అనే మెలిక సూత్రం నిద్రలో లేపినా వస్తుంది, కానీ ఆ జే లోపల నాలుగో ఘాతం దాక్కుందని, అది రోడ్డు మీద ఇలా పనిచేస్తుందని క్లాసులో ఒక్క దుప్పటి తెచ్చి చూపిస్తే సరిపోయేది. చూపించరు, అదే నా బాధ.

లావు కాకుండా ఇంకో దారి ఉంది. కడ్డీ చివరలు మోచేయిలా వంగి ఉంటాయి, ఆ వంగిన చేతిని బండికి కలిపే లింకు అనే చిన్న కడ్డీ అక్కడ బోల్టుతో పడుతుంది. చాలా ఎఫ్-53 ఛాసిస్‌లలో ఆ చేతికి రెండు కన్నాలు ఉంటాయి, ఫ్యాక్టరీలో చివరి కన్నానికి బిగిస్తారు, లోపలి కన్నం ఖాళీ. అన్నయ్య బండి కింద పడుకుని చూశాను, లోపలి కన్నం అంచున పెయింట్ కూడా చెక్కుచెదరలేదు, అంటే ఎప్పుడూ ఎవరూ దాన్ని వాడలేదు. లింకు లోపలికి మారిస్తే చేయి పొట్టిదవుతుంది. పొట్టి చేత్తో అదే మెలిక వేయాలంటే ఎక్కువ బలం కావాలి, ఇది ఒకటి. చివర అంతే కదలాలన్నా కడ్డీ ఎక్కువ మెలితిరగాలి, ఇది రెండు. రెండూ ఒకదానితో ఒకటి హెచ్చవేసుకుంటాయి కాబట్టి చేయి 20 శాతం పొట్టిదైతే గట్టితనం 56 శాతం పెరుగుతుంది. బిగింపుల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు, అంటే బుష్‌లు, కొంత మింగేస్తాయి, నిజంలో అంత రాకపోవచ్చు, అయినా ఖర్చు రెండు స్పానర్లు, ఒక మధ్యాహ్నం. ఒక్క జాగ్రత్త, బండి చదునైన నేల మీద ఉండాలి, లేకపోతే కడ్డీలో అప్పటికే మెలిక ఉండి బోల్టు తీయగానే లింకు ఎగిరి తగులుతుంది.

ఒరుగుడు తగ్గితే స్టీరింగ్ ఎందుకు బాగుపడాలి అని వదిన అడిగింది, అసలు ప్రశ్న అది. ఈ ఛాసిస్‌లో ఇరుసుల్ని పట్టుకునేది కమాను పట్టాలు, అంటే లీఫ్ స్ప్రింగులు. బండి ఒరిగితే ఒకవైపు పట్టా చదునవుతుంది, రెండోవైపు పట్టా ఇంకా వంగుతుంది, పట్టా పొడవులో తేడా వచ్చి ఇరుసు ఒక చివర కొంచెం ముందుకి, ఇంకో చివర కొంచెం వెనక్కి జరుగుతుంది. వెనక ఇరుసు అలా ఏటవాలైతే వెనక చక్రాలే బండిని తిప్పుతున్నట్టు. ముందు కూర్చున్న మనిషి స్టీరింగ్‌తో సరిచేస్తూ పోతుంటాడు, తప్పు జరిగేది మాత్రం ఐదారు మీటర్ల వెనక. డ్యాంపర్ ఇక్కడ ఏం చేస్తుంది? చేతికి తెలిసే కుదుపుని తగ్గిస్తుంది, అంతే.

స్వే బార్ ఆపలేనిది ఇంకోటుంది, పట్టాలు, బుష్‌లు పక్కకి నలగటం. దానికి ఇరుసు ఒక చివర నుంచి ఎదురువైపు ఫ్రేముకి అడ్డంగా ఒక కడ్డీ బిగిస్తారు, ఫ్రాన్స్‌లోని పాత కార్ల కంపెనీ పేరు మీద పాన్‌హార్డ్ బార్, అమెరికాలో ట్రాక్ బార్ అంటారు. పొడవుగా, నేలకి సమాంతరంగా ఉంటే మంచిది, పొట్టిదైతే బండి ఎగిరినప్పుడు గుండ్రంగా తిరుగుతూ అదే ఇరుసుని పక్కకి లాగుతుంది.

ఇవన్నీ బరువు చూశాకే. అన్నయ్య వెనక బంపర్ రాక్ మీద 80 కేజీల సామాను పెట్టేవాడు, పెట్టెల్లో నీళ్ళ సీసాలు, మడత సైకిళ్ళు, వంట గ్యాస్ స్టవ్వు. రాక్ వెనక ఇరుసుకి 3 మీటర్ల వెనక ఉంది, రెండు ఇరుసుల మధ్య దూరం 208 అంగుళాలు, అంటే 5.28 మీటర్లు. ఉయ్యాల బల్ల లెక్కే, వెనక 80 కేజీలు పెడితే ముందు ఇరుసు మీంచి 45 కేజీలు లేచిపోతాయి. తేలికైన ముందు చక్రం రోడ్డుని సరిగ్గా పట్టుకోదు. పైగా టైర్లో గాలి ఎంతుండాలో చెప్పేది ఆ చక్రం మోసే బరువు, టైరు పక్కగోడ (సైడ్‌వాల్) మీద రాసిన గరిష్ఠం కాదు, ముందు టైర్లలో అవసరానికి మించి గాలి కొడితే బండి రోడ్డు మీద తిరుగుళ్ళు తిరుగుతుంది. టైరు కంపెనీ పట్టికలో మన బరువుకి ఎదురుగా ఉన్న పీఎస్ఐ చూసుకుని, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టాలి.

అందుకని ట్రక్ స్టాప్‌లో కాటా ఎక్కించాం, సామాను మొత్తం రెండు ఇరుసులకీ మధ్యలో ఉన్న కింది అరలోకి మార్చి మళ్ళీ ఎక్కించాం. వెనక నుంచి తీసినందుకు 45, మధ్యలో పెట్టినందుకు 40, మొత్తం 85 కేజీలు, అంటే దాదాపు 187 పౌండ్లు ముందు ఇరుసు మీదకి రావాలి. ఆ కాటా బరువుని 20 పౌండ్ల చొప్పున మాత్రమే (160, 180, 200 అలా) చూపిస్తుంది. రెండో చీటీలో 180 ఎక్కువ ఉంది. అన్నయ్య రెండు చీటీలూ డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి బొమ్మ పక్కన పెట్టుకున్నాడు.