చక్రవడ్డీ సూత్రం వచ్చు, అప్పు కాగితం అర్థం కాదు

ఎనిమిదో తరగతి లెక్కల్లో బారువడ్డీ, చక్రవడ్డీ ఉంటాయి. పిల్లలు సూత్రం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లాడి ఇంట్లో రాత్రి అన్నాల దగ్గర "నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం" అనే మాట వినిపిస్తుంది. నెలకు నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. పుస్తకంలో 'సంవత్సరానికి 8 శాతం' అని నేర్చుకున్న లెక్కా ఇంట్లో విన్న లెక్కా ఒకటేనని ఆ పిల్లాడికి చెప్పేవాళ్లు లేరు. ఈ ఖాళీ ఎలా వచ్చిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఒకప్పుడు బడుల్లో సంచయిక ఉండేది. పెద్దవాళ్లను అడగండి, చాలామందికి గుర్తుంటుంది. పిల్లలు అర్ధరూపాయో రూపాయో తెచ్చి జమ చేసేవాళ్లు, పైతరగతి పిల్లలే పద్దు రాసేవాళ్లు, ఒక మాస్టారు పైనుంచి చూసుకునేవారు. సెప్టెంబర్ 15న సంచయిక దినోత్సవం కూడా జరిపేవాళ్లు. దాచిన మొత్తం చిన్నదే కానీ, తన పేరు మీద జమ ఎంత, తీసుకున్నది ఎంత, నిల్వ ఎంత అని ఓ పన్నెండేళ్ల పిల్ల తన చేత్తో రాసుకోవడం మామూలు విషయం కాదు. అది మెల్లగా కనుమరుగైంది, దాని స్థానంలో ఇంకోటి రాలేదు.

పాఠానికి ఎంత బలం ఉంటుందో చెప్పాలంటే మన దగ్గర నెల్లూరు కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 1990ల మొదట్లో అక్కడ వయోజనుల కోసం అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, భర్తల సారా వల్ల గుల్లయిపోయే ఇళ్ల గురించి. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకుండా అడ్డుకున్నారు, అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబర్ 1న ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ తర్వాత జరిగింది మాత్రం జనం అంతగా చెప్పుకోరు. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా, ఆ ఆడవాళ్లే రోజుకు రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. పొదుపులక్ష్మి సంఘాలు అలా పుట్టాయి, తర్వాత వచ్చిన డ్వాక్రా విస్తరణకు అదే బాట వేసింది. బడి ముఖం చూడని వాళ్లకు డబ్బు గురించి చెప్పిన పాఠం అంత పని చేసింది. బడిలో ఉన్న వాళ్ల పిల్లలకు మాత్రం ఆ పాఠం చేరలేదు, నన్ను బాధపెట్టేది ఇదే.

పొదుపు నేర్చుకున్నారు సరే, అప్పు సంగతి ఎవరూ నేర్పలేదు. సంఘాలు బాగా పాతుకున్న పల్లెల్లోకే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి, వారం వారం కిస్తీ, ఒకే మనిషికి మూడు నాలుగు చోట్ల అప్పు, ఒకదాని వాయిదా కట్టడానికి ఇంకోటి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంక్ వేసిన మాలెగాం కమిటీ ఒక మనిషికి రెండుకు మించి సంస్థలు అప్పు ఇవ్వకూడదంది. ఆంక్షలన్నీ ఇచ్చేవాడి మీద పెట్టారు, అది అవసరమే. తీసుకునే మనిషికి లెక్క చెప్పే పని మాత్రం ఎవరి నెత్తిన పడలేదు.

దాచుకున్న వాళ్ల గతీ అంతే. జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీలో దాదాపు 32 లక్షల మంది డబ్బు ఇరుక్కుంది, సుమారు 6,380 కోట్లు. ఏజెంట్లు ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు, పక్కింటి అన్నయ్య, ఆడపడుచు భర్త, అందుకే "ఈ డబ్బుకి పూచీ ఎవరు?" అని అడగడం మర్యాద కాదనిపించింది. మా పెద్దమ్మ ఇలాంటిదే ఇంకో కంపెనీ పాస్‌బుక్కు ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో దాచింది. ఇప్పటికీ అక్కడే ఉంది. అది బ్యాంకు పాస్‌బుక్కు లాగే ఉంటుంది, నీలం అట్ట, లోపల గళ్లు, స్టాంపులు. తేడా ఎక్కడుందో పదో తరగతి చదివిన వాళ్లబ్బాయికీ తెలియలేదు. రిజిస్టరైన చిట్టీకి 1982 చట్టం ఉంది, బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది, ఆ నీలం పుస్తకానికి ఏమీ లేదు.

ఇదంతా చదువుకోని వాళ్ల గొడవ అనుకునేవాళ్లకు 2020 డిసెంబర్ గుర్తుచేయాలి. లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో చనిపోయిన వాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. వాటి పద్ధతి ఎలా ఉంటుందంటే, 5,000 అప్పు అని చూపించి ఫీజులు పోగా 3,500 చేతికిస్తారనుకోండి, వారం తిరిగేసరికి మొత్తం 5,000 కట్టమంటారు. చేతికొచ్చిన దాని మీద ఏడు రోజులకు దాదాపు 43 శాతం. ఎనిమిదో తరగతి లెక్కే, ఫోన్ తెర మీద వచ్చేసరికి ఎవరికీ అందలేదు. ఆ టెన్షన్‌లో పరువు పోతుందని ఇంట్లో చెప్పలేని పిల్లలు ఇంకెందరో.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. ఆర్థిక అక్షరాస్యతకు 2013లో దేశంలో తొలి జాతీయ వ్యూహం వచ్చింది, దానికంటూ జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం పెట్టారు, ఆ కేంద్రం సీబీఎస్‌ఈతో కలిసి ఆరు నుంచి పది తరగతులకు వర్క్‌బుక్కులు తయారుచేసింది. 2019లో ఆ కేంద్రం సర్వే చేస్తే పెద్దవాళ్లలో కనీస ఆర్థిక అవగాహన ఉన్నది 27 శాతం మందికే. పరీక్షలో రాని పుస్తకాన్ని మన బడుల్లో ఎవరు తెరుస్తారో అందరికీ తెలుసు. పద్దులు, బ్యాలెన్సులు సరిగ్గా నేర్చుకునేది ఇంటర్‌లో సీఈసీ, ఎంఈసీ తీసుకున్న వాళ్లే, ఎంపీసీ, బైపీసీ వాళ్లకు ఆ మాటే ఉండదు. మరోపక్క రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు బ్యాంకు ఖాతాను సొంతంగా నడుపుకోవచ్చు.

దీనికి కొత్త సబ్జెక్టు, కొత్త టీచరు కావాలని నేననడం లేదు. ఉన్న వడ్డీ పాఠంలోనే ఒక్క లెక్క మార్చమంటాను. లక్ష అప్పు, ఏడాది గడువు, 12 శాతం 'ఫ్లాట్'. వడ్డీ 12,000, నెల వాయిదా 9,333. ఆరు వాయిదాలు కట్టేసరికి అసలులో సగం తిరిగిచ్చేసినట్టే, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతుంది. తగ్గే బాకీ మీద లెక్కగడితే నిజమైన రేటు 21 శాతం దాటుతుంది. బోర్డు మీద పన్నెండు వరుసలు వేసి పిల్లల చేతే తీయించవచ్చు, రెండు పీరియడ్లు పడుతుంది. ఆ సాయంత్రం వాళ్లలో కొందరైనా ఇంటికెళ్లి నాన్న బండి లోన్ కాగితం బయటికి తీయిస్తారు.