దెబ్బ తగిలితే ‘అజాగ్రత్త’ అనేస్తారు

పిల్లలూ,

నర్సవుతాం, ల్యాబులో చేస్తాం, అంబులెన్స్‌లో వెళ్తాం అంటున్నారు కదా, మంచిదే. అయితే ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు దెబ్బలు ఎందుకు తగులుతాయో ముందే చెప్తాను. ఎవరికేమైనా ‘అజాగ్రత్త’ అనేసి చేతులు దులుపుకోవడం అక్కడ మామూలే, నాకు ఆ మాటంటేనే చిరాకు.

సూది సంగతే చూడండి. ఇంజెక్షన్ ఇచ్చాక సూదికి మళ్లీ మూత పెట్టబోతే గురి తప్పి వేలికి గుచ్చుకుంటుంది, అందుకే మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో పడేయమంటారు. సరే, ఆ డబ్బా వార్డు చివర ఎక్కడో ఉంటే? ముప్పాతిక నిండగానే మార్చాల్సింది, అంచుదాకా నిండి సూదులు పైకి పొడుచుకొస్తుంటే? తప్పు వేలిదా, డబ్బాదా?

హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోనివాళ్లకు 6 నుంచి 30 శాతం దాకా. టెన్షన్ పడేదేమో మొదటిదానికి, టీకా ఉన్నదేమో రెండోదానికి! డ్యూటీలో చేరేముందే ఆ టీకా వేయించుకోండి. గుచ్చుకుంటే వేలు పిండకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే పైవాళ్లకు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. తిడతారని దాచుకుంటే ఆ గంటలు కాస్తా అయిపోతాయి.

ఇక నడుము. రోగిని చేతులతో ఎత్తేటప్పుడు బరువు 16 కిలోలు దాటకూడదని అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ లెక్క, వంద కిలోల మనిషి కాలు ఒక్కటే దాదాపు అంత తూగుతుంది. పైగా మనిషంటే మూట కాదు, పడిపోతానని భయమేసి మధ్యలో మీ మెడ పట్టుకుని వేలాడతాడు. వంగే పద్ధతి ఎంత నేర్పినా, ఒంటరిగా ఎత్తితే నడుము పట్టేస్తుంది. ఇద్దరు మనుషులుండాలి, రోగిని జరిపే షీటో, ఎత్తే లిఫ్టు యంత్రమో ఉండాలి, అది తాళమేసిన గదిలో ఉంటే లేనట్టే.

తడి నేల, కాళ్లకడ్డంపడే వైర్లు మీకూ తెలిసినవే. రోగి బంధువుల కోపం మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు, గంటలకొద్దీ ఎవరూ ఏమీ చెప్పకుండా కూర్చోబెడితే అది ఎదురుగా కనిపించిన నర్సు మీదికే వస్తుంది. వీటన్నిటికీ తోడు పన్నెండు గంటల షిఫ్టు, అదీ రాత్రిపూట, ముగ్గురి పని ఒక్కరి మీద పడితే చెయ్యి తిరిగినవాళ్లకైనా తెల్లవారుజామున ధ్యాస తప్పుతుంది.

చేరిన మొదటిరోజే మూడు అడగండి: సూదుల డబ్బా ఎక్కడుంది, ఎత్తడానికి తోడు ఎవరొస్తారు, అర్ధరాత్రి గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి. ‘తర్వాత చూద్దాం’ అంటే మళ్లీ అడగండి.

మీ పెద్దమ్మ