మోకాలు లెక్కపెట్టండి

విజయవాడ

పిల్లలూ, ఆశీస్సులు.

నిన్న ఉదయం ప్రకాశం బ్యారేజీ మీద మీరంతా గేర్ల సైకిళ్లపై సీతానగరం వైపు వెళ్తుంటే చూశాను. ఎంత సంతోషం వేసిందో! కానీ మీలో ఇద్దరు ముగ్గురు పంటి బిగువున తొక్కుతున్నారు. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి, పెడల్ మాత్రం అతి కష్టం మీద తిరుగుతోంది. బరువు గేరులో తొక్కితేనే బలం వస్తుందని ఒక అబ్బాయి అంటుంటే విన్నాను. మీ వయసులో నేనూ అదే నమ్మాను. చివరికి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి పట్టుకుని నెల రోజులు సైకిల్ ముట్టుకోలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగితే అది మీ కేడెన్స్. కొలవడానికి మీటరేమీ అక్కర్లేదు. కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున 15 సెకన్లు లెక్కపెట్టి, 4తో హెచ్చవేయండి. 20 వస్తే కేడెన్స్ 80 అన్నమాట.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక టైరు దగ్గరి పళ్ల చక్రానికి 22 పళ్లు ఉన్నాయనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే టైరు రెండు చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, అంటే 4.2 మీటర్లు ముందుకు వెళ్తారు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 20 కిలోమీటర్ల వేగం. వెనక 11 పళ్లకు, అంటే బరువు గేరుకు మారిస్తే 40 చుట్లకే అదే వేగం వస్తుంది. హాయిగా ఉంది కదా అనిపిస్తుంది. కానీ ప్రతి తోపుకీ రెండింతల బలం పెట్టాలి! ఆ భారమంతా తొడల మీద, మోకాళ్ల మీద పడుతుంది. తేలిక గేరులో వేగంగా తిప్పితే ఆ పనిలో ఎక్కువ భాగం గుండె, ఊపిరితిత్తులు పంచుకుంటాయి. కాసేపు నెమ్మదిస్తే ఆయాసం తగ్గిపోతుంది. పట్టేసిన తొడలు మాత్రం అంత త్వరగా కోలుకోవు.

అలాగని మరీ గిరగిరా తిప్పితే గాలి చాలక అలసిపోతారు. పోటీల్లో తొక్కేవాళ్లు చదునైన రోడ్డు మీద 90, 100 దాకా తిప్పుతారు. మీకు 75, 80 చాలు. ఇప్పుడు 60 ఉంటే రెండు వారాలకు ఒక 5 చొప్పున పెంచండి. మధ్యమధ్య ఒక నిమిషం తేలిక గేరులో వేగంగా తిప్పి, మూడు నిమిషాలు మామూలుగా తొక్కండి. సీటు మీద ఎగురుతున్నట్టుంటే తిప్పే వేగం కొంచెం తగ్గించండి.

దానికి ముందు సీటు ఎత్తు చూసుకోవాలి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తెస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు తక్కువైతే మోకాలు అతిగా ముడుచుకుంటుంది, ఎన్ని గేర్లున్నా లాభం ఉండదు.

ఎత్తు ఎక్కే దారి వచ్చాక కాదు, రాకముందే తేలిక గేరుకు మారండి. బ్యారేజీ మీద ఎదురుగాలి కొడితే అదీ ఒక ఎత్తే అనుకోండి. వేగం తగ్గితే తగ్గనివ్వండి, మోకాలి లెక్క తగ్గనివ్వద్దు. ఎర్ర లైటు దగ్గర ఆగబోయేటప్పుడు కూడా, పెడల్ తిరుగుతుండగానే తేలిక గేరుకు రండి. ఈ సైకిళ్లలో ఆగిపోయాక చైన్ మారదు.

ఆదివారం ఉదయం నేను బ్యారేజీ మీదే ఉంటాను. వెళ్లేటప్పుడు ఎంత, గాలికి ఎదురొచ్చేటప్పుడు ఎంత, రెండు లెక్కలూ నాకు చెప్పండి.

మీ తాతయ్య