తాయిలం ఎప్పుడు బేరమైంది?

నెల్లూరు వేదాయపాళెంలో మా అక్క వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అంటించి ఉంది. ఎడమపక్క పనులు: పళ్లు తోముకోవడం, బ్యాగు దాని చోట పెట్టడం, హోంవర్కు, తమ్ముడితో పోట్లాడకపోవడం, బొమ్మలేయడం. ఎదురుగా వారానికి ఏడు గళ్లు. పని అయితే గడిలో బంగారు రంగు స్టార్. ఇరవై స్టార్లకు మలైకాజా, నలభైకి మైపాడు బీచ్. దసరా సెలవుల్లో నేను వెళ్లిన రోజు అక్క పాలగిన్నె చేతికిచ్చి, "పక్కింట్లో ఇచ్చి రా బుజ్జీ" అంది. ఎనిమిదేళ్ల మేనకోడలు గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "దీనికెన్ని స్టార్లు?"

వాళ్ల జేజి (నాయనమ్మ) కూర తరుగుతూనే అందుకుంది: "నేను అన్నం పెడితే నువ్వెన్ని స్టార్లిస్తావే?"

చార్టు ఎక్కడిదని అడిగితే అక్క యూట్యూబ్‌లో చూశానంది. యూట్యూబ్ దాకా అది ఎలా వచ్చిందన్నదే ఇక్కడి సంగతి.

పిల్లల్ని చిన్న చిన్న వస్తువులతో మంచి చేసుకోవడం మనకు కొత్త కాదు. తాయిలం అనే మాటే ఉంది. ఏడుపు మానడానికో, మందు మింగడానికో చేతిలో పెట్టే బెల్లం ముక్క, బొరుగుల ఉండ. (ఇప్పుడు ఆ మాట పేపర్లలో ఎన్నికలప్పుడే ఎక్కువ కనిపిస్తుంది.) వీధిబడి రోజుల్లో దసరాకి అయ్యవారు పిల్లల చేత గిలకలు పట్టించి ఇంటింటికీ తిప్పేవారు. అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాళ్లకు చాలు పప్పుబెల్లాలు అని పాడించేవారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పప్పుబెల్లాలు ఎక్కాలు వచ్చినవాడికీ రానివాడికీ ఒకటే. దేనికీ ప్రతిఫలం కాదు, పండగ వాటా. అందుకే అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ పంచిపెట్టడాన్ని ఇప్పటికీ పప్పుబెల్లాల్లా పంచారంటాం. మిగతా ఏడాదంతా చదువు చెప్పింది బెత్తమూ కోదండమూ. కోదండమంటే తెలియని వాళ్ల కోసం: దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు వేలాడాలి. ఆ రోజుల్ని ముచ్చటగా చెప్పుకునేవాళ్లు ఈ తాడు సంగతి ఎందుకో మర్చిపోతుంటారు.

బహుమతికి లెక్కాపత్రం రావడంలో మద్రాసుకూ కొంత పాత్ర ఉంది. 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అధికారిగా వచ్చాడు. దగ్గర్లోని ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చదువు చెప్పించాడు. కొద్ది కాలానికే లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి బడే నడిపాడు. ఆయనకు బెత్తం గిట్టదు. బాగా చదివితే టికెట్లు, టికెట్లు పోగైతే బంతులు, గాలిపటాలు. తప్పు చేస్తే మాత్రం బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీసేవాడు! అక్కడా కోదండమే, బుట్టతో.

తర్వాత సంగతి ల్యాబుల్లోకి వెళ్లింది. 1898లో థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూశాడు. ఫలితం బాగున్న పనిని జంతువు మళ్లీ చేస్తుందన్నాడు. 1930లలో స్కిన్నర్ అనే మరో మనస్తత్వవేత్త మీట నొక్కే ఎలుకలతో దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

అక్క ఫ్రిజ్ మీది చార్టుకు అసలు పూర్వీకుడు మాత్రం 1960లలో ఒక మానసిక వైద్యశాలలో పుట్టాడు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అన్నా అనే ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రి అది. ఏళ్ల తరబడి వార్డుల్లో మగ్గిన రోగులు పక్క సర్దుకుంటే, గిన్నెలు కడిగితే ఐయాన్, అజ్రిన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు వాళ్లకు టోకెన్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. టోకెన్లు దాచుకుంటే కొట్లో కావలసింది కొనుక్కోవచ్చు, బయట కాసేపు నడిచి రావచ్చు. పని చేసింది. 1968లో పుస్తకం వచ్చింది. అదే ఏడాది ఒరెగాన్‌లో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వవేత్త తల్లిదండ్రుల కోసం ఇలాంటి పద్ధతుల మీదే ఒక చిన్న పుస్తకం వేశాడు. వార్డు నుంచి వంటింటికి దారి పడింది.

అయిదేళ్లు తిరిగేసరికి అనుమానం కూడా మొదలైంది. 1973లో అచ్చయిన ఒక ప్రయోగం కోసం స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో, స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడమంటే ముందే ఇష్టమున్న 51 మంది పిల్లల్ని తీసుకున్నారు. అందరూ మూడు నుంచి అయిదేళ్ల వాళ్లు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు సీలూ ఎర్ర రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా వేశాక ఇచ్చారు. మిగతా వాళ్లకు ఏమీ ఇవ్వలేదు. వారం, రెండు వారాలయ్యాక అవే పెన్నులు బల్ల మీద ఊరికే పెట్టి చూశారు. ముందే మాట పుచ్చుకున్న పిల్లలు ఖాళీ సమయంలో 9 శాతం కూడా బొమ్మలకు ఇవ్వలేదు. మిగతా రెండు జట్లూ దాదాపు రెట్టింపు సేపు వేశాయి. చెప్పకుండా ఇచ్చిన బహుమతి ఇష్టాన్ని పెద్దగా తగ్గించలేదు. తగ్గించింది ముందస్తు బేరం.

దీని మీద వాదాలు చాలా నడిచాయి. 1999లో 128 ప్రయోగాల్ని కలిపి చూసినప్పుడూ ఇలాంటి ఫలితమే తేలింది. ముందే చెప్పి ఇచ్చే వస్తువులు ఇష్టమైన పని మీద మోజు తగ్గిస్తాయి, పిల్లల్లో ఇంకాస్త ఎక్కువగా. అసలే విసుగు పుట్టించే పనికి అంత నష్టం లేదు, తగ్గడానికి అక్కడ మోజే లేదు గనక. నా మటుకు నాకు పళ్లు తోముకోవడానికి స్టార్ ఇవ్వడంలో తప్పు కనిపించదు. బొమ్మలకు ఇవ్వడమే దండగ.

మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. ఇంట్లో చెయ్యెత్తడానికీ ఇప్పటి అమ్మానాన్నలకు మనసొప్పదు. కానీ ఇద్దరూ ఉద్యోగాలకు పరిగెత్తే ఇళ్లలో పొద్దున ఏడున్నరకు ఏదో ఒకటి పట్టుకోవాలి. అది ఎక్కువగా ఫోనే: ఇడ్లీ తింటే పది నిమిషాలు. దీనికంటే చార్టు నయమని అక్క అంటుంది, కాదనలేను. చివరికి ప్రభుత్వం కూడా ఈ దారిలోనే నడిచింది. పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బిచ్చేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మఒడి పథకం 15,000 రూపాయలకు 75 శాతం హాజరు షరతు పెట్టింది. అదీ చార్టే, కాకపోతే స్టార్లు అమ్మ ఖాతాలో పడేవి.

సంక్రాంతికి వెళ్లి చూస్తే చార్టులో రెండే వరసలు మిగిలాయి, పళ్లు, బ్యాగు. బొమ్మల వరస మీద నల్ల స్కెచ్‌తో గీత కొట్టేశారు. జేజి అంగడి నుంచి వస్తూ కొంగున కట్టుకొచ్చిన కమ్మరకట్టు పిల్లలిద్దరికీ చెరొకటి పెట్టింది. ఎందుకు పెట్టిందో ఇద్దరూ అడగలేదు.