ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద చెల్క దుమ్ము

ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద గీతలు పడితే చాలామంది తుడిచిన గుడ్డను తప్పుపడతారు. నిజానికి నూలు పోగుకు గాజును గీసే బలం లేదు. గీసేది గుడ్డకూ స్క్రీన్‌కూ మధ్య ఇరుక్కున్న రేణువు. వరంగల్, కరీంనగర్ వైపు ఆ రేణువు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, దుమ్ము పట్టిన స్క్రీన్ మీద ఎవరూ తువ్వాలతో రుద్దరు.

మనది గ్రానైట్ నేల. కరీంనగర్ క్వారీల్లో కోసేది ఆ రాయే, ఓరుగల్లులోని ఏకశిల గుట్టదీ ఆ రాయే. గ్రానైట్‌లో ఎక్కువగా ఉండేవి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్. క్వార్ట్జ్‌నే మనం పలుగురాయి అంటాం. ఎండకూ వానకూ నాని నాని ఫెల్డ్‌స్పార్ చివరికి బంకమన్నుగా మారిపోతుంది. పలుగు మాత్రం అంత తేలిగ్గా మారదు, ముక్కలు ముక్కలై ఇసుకగా మిగులుతుంది. చెల్క నేలల్లో, అంటే ఎర్రటి ఇసుక నేలల్లో, కాలికి గరగర తగిలేది అదే. ఎండాకాలంలో గాలిదుమారం లేచిందంటే కిటికీ మూసినా సందుల్లోంచి లోపలికొచ్చి బల్లమీదా, కీబోర్డు మీదా, స్క్రీన్ మీదా పరుచుకునే దుమ్ములో ఈ పలుగు పొడి కలిసి ఉంటుంది.

ఖనిజాల్లో ఏది దేన్ని గీస్తుందో చెప్పడానికి జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఒక కొలమానం పెట్టాడు. అంకె పెద్దదైతే గట్టిదనం ఎక్కువ. అందులో మామూలు గాజుది సుమారు 5.5, క్వార్ట్జ్‌ది 7. అంటే కంటికి కనిపించనంత చిన్న పలుగు రేణువైనా గాజును గీయగలదు. పైగా కాలేజీ పిల్లలు, ఆఫీసువాళ్లు వాడే చాలా ల్యాప్‌టాప్‌ల మ్యాట్ (మెరవని రకం) స్క్రీన్లకు పైన గాజే ఉండదు, ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఇంకా మెత్తన. వేలితో మనం నొక్కే ఒత్తిడంతా ఆ రేణువు మొన మీద పడుతుంది కాబట్టి, మెల్లగా తుడిచామనుకున్నా గీత దిగుతుంది.

ఇక స్క్రీన్ల మీద వేసే పూత సంగతి. పూత లేని గాజు తన మీద పడిన వెలుతురులో ఒక్కో వైపు నుంచి సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. వెనక ట్యూబ్‌లైటు ఉంటే స్క్రీన్‌లో మన మొహమే కనిపించేది అందుకే. దీన్ని తగ్గించడానికి మెరిసే రకం స్క్రీన్లలో కొన్నింటికి గాజు మీద చాలా పల్చని పొర వేస్తారు. పొర పైనుంచి తిరిగొచ్చే కాంతి తరంగమూ, అడుగునుంచి తిరిగొచ్చే తరంగమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా దాని మందాన్ని సరిచూస్తారు. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా కటకాల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఆ మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో ఏడు వందల వంతుల్లో ఒక వంతు. టచ్‌స్క్రీన్లకు వేలిజిడ్డు అంటకుండా పైన వేసే పూత ఇంకా పల్చన. మ్యాట్ స్క్రీన్లది వేరే దారి. వాటి పైపొర మీద సన్నటి గరుకుతనం ఉంటుంది, అది వెలుతురును చెదరగొడుతుంది. ఒకేచోట పదేపదే గట్టిగా రుద్దితే ఆ గరుకు అరిగి అక్కడ నిగనిగలాడే మచ్చ పడుతుంది. దాన్ని మరకనుకుని మళ్లీ రుద్దేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ పూతలు ఎంత సున్నితమంటే, కొన్ని మ్యాక్‌బుక్‌ల మీద పూత ఊడిపోతోందని 2015లో ఆపిల్ వాటిని ఉచితంగా బాగు చేసే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

కాబట్టి తుడవడానికి ముందు దుమ్ము పోవాలి. ల్యాప్‌టాప్ ఆపేసి, చల్లబడ్డాక స్క్రీన్‌ను కాస్త కిందికి వంచి పట్టుకుని, కెమెరా షాపుల్లో దొరికే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి అసలే వద్దు, అందులో నూనె, తేమ కలిసి వస్తాయి.

ఆ తర్వాతే గుడ్డ, అదీ కళ్లద్దాలు తుడిచే లాంటి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. మైక్రోఫైబర్ పోగులు నూలు పోగుల కన్నా చాలా సన్నం, వాటి సందుల్లోకి జిడ్డూ దుమ్మూ ఎక్కి అక్కడే ఉండిపోతాయి. అందుకే ప్రతిసారీ గుడ్డ మడత మార్చి కొత్త వైపుతో తుడవాలి. న్యూస్‌పేపర్, టిష్యూ వద్దు. కిటికీ అద్దానికి పనికొచ్చేవన్నీ స్క్రీన్‌కు పనికిరావు.

నీళ్ల విషయంలో మన దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం లవణాలు ఆరిపోయాక తెల్లమచ్చలుగా మిగులుతాయి. వాటిని గోకడం మళ్లీ గీతలకు దారి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకుంటే చాలా రోజులొస్తుంది. దాంతో గుడ్డను తడి తగిలీ తగలనట్టు తడపండి. స్క్రీన్ మీద నేరుగా చల్లితే చుక్క కిందికి జారి అంచులోంచి లోపలికి దిగుతుంది, లోపలి సర్క్యూట్లు పాడవుతాయి. అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు పూతను దెబ్బతీస్తాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ ప్లాస్టిక్ పొరనే పాడుచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, మీ మోడల్ మాన్యువల్ చూడకుండా వాడకండి.

గీత అనుకున్నది ఒక్కోసారి గీత కాకపోవచ్చు. హన్మకొండలో బస్సెక్కి ఒళ్లో బ్యాగు, దానిమీద టిఫిన్ బాక్సు పెట్టుకుని హైదరాబాద్ దాకా వెళ్తే, లోపల కీబోర్డు స్క్రీన్‌కు ఒత్తుకుని కీల మీది జిడ్డు చదరపు గళ్లుగా అచ్చుపడుతుంది. స్క్రీన్ ఆపి ఫోన్ టార్చ్‌ను పక్కనుంచి వేసి చూడండి. జిడ్డయితే తడిగుడ్డ ఆడించగానే మసకబారి చెదురుతుంది. నిజమైన గీత సన్నటి వెలుగు దారంలా అలాగే ఉంటుంది. దానికి టూత్‌పేస్ట్ పూయమని ఎవరైనా చెబితే వినకండి. పళ్లపాచి గీకడానికి అందులో వేసే సిలికా, సుద్దపొడి లాంటివి చుట్టూ మిగిలిన పూతను కూడా అరగదీస్తాయి.