లంఖణం తర్వాత మొదటి ముద్ద

"పది రోజులుగా ఏమీ తినడం లేదండీ, సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది కదా?" హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి వార్డులోనైనా పేషెంటు తరఫువాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే.

సెలైన్ అంటే ఉప్పునీళ్లు, అందులో ఒక్క క్యాలరీ కూడా లేదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు బాటిల్ అయితే, అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండు చిన్న ఇడ్లీలంత శక్తి, మాంసకృత్తులు సున్నా. బలం రాకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ రోజుల తరబడి మాడిన ఒంట్లోకి ఆ చక్కెర ఒక్కసారిగా వెళితే ప్రాణం మీదికి రావచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక శిబిరాల నుంచి బయటపడిన ఖైదీలు కొందరు ఆకలితో కాదు, కడుపునిండా తిండి దొరికాక చనిపోయారు.

ఎండాకాలంలో బోరు ఎండిపోయిన అపార్ట్‌మెంటును ఊహించుకోండి. పైన ఒక చిన్న ట్యాంకు, ప్రతి ఫ్లాటులో ఒక డ్రమ్ము. రక్తం ఆ ట్యాంకు, కణాలు ఆ ఫ్లాట్లు, నీళ్లు ఫాస్ఫేటు, అంటే ఒంట్లో ఫాస్ఫరస్ ఉండే లవణ రూపం. ఒంట్లోని ఫాస్ఫరస్‌లో దాదాపు 85 శాతం ఎముకల్లో, తక్కినదాంట్లో ఎక్కువ భాగం కణాల్లో ఉంటుంది. రక్తంలో, కణాల బయటి ద్రవంలో ఉండేది నూటికి ఒక వంతే. తిండి లేని రోజుల్లో ఫ్లాట్లవాళ్లు తమ డ్రముల్లోంచి తోడి ట్యాంకులో పోస్తుంటారు. అందుకే రిపోర్టులో ఫాస్ఫేటు డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య నార్మల్‌గానే కనబడుతుంది. మీటరు చూసి ధైర్యపడతాం, ఇళ్లలో డ్రములు మాత్రం అడుగంటి ఉంటాయి.

ఇప్పుడు చక్కెర వచ్చింది. ఇన్సులిన్ వాల్వు తిప్పింది. కణంలోకి వెళ్లిన ప్రతి గ్లూకోజు అణువుకూ ముందు ఒక ఫాస్ఫేటు తగిలించాలి, లేకపోతే ఆ తర్వాతి పని ఏదీ సాగదు. దాన్నుంచి తయారయ్యే ఏటీపీకి, అంటే కణాలు శక్తిగా వాడుకునే పదార్థానికి కూడా ఫాస్ఫేటే కావాలి. అన్ని ఫ్లాట్లవాళ్లూ ఒకేసారి కుళాయిలు తిప్పి డ్రములు నింపుకోవడం మొదలుపెడతారు. గంటల్లో ట్యాంకు అడుగు కనబడుతుంది. ఊపిరి లాగే డయాఫ్రం కండరం అలసిపోతుంది, ఎర్ర రక్తకణాలు తెచ్చిన ఆక్సిజన్‌ను సరిగా వదలవు. పొటాషియం, మెగ్నీషియం కూడా అదే వాల్వు గుండా లోపలికి పోతాయి, గుండె లయ తప్పుతుంది. చక్కెరను మండించడానికి థయమిన్, అంటే బి1 విటమిన్ కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. అదీ అయిపోతే చూపు రెండుగా కనబడటం, తూలడం, మతిభ్రమ మొదలవుతాయి.

'లంఖణం పరమౌషధం' అనే మాట ఒకపూట అజీర్తికి సరిపోతుందేమో. కామెర్లకీ, ఆపరేషన్‌కీ, టైఫాయిడ్‌కీ వారాల తరబడి పథ్యం పెట్టి, తర్వాత గంజి, గ్లూకోజు నీళ్లు తాగించడమంటే డ్రములు ఖాళీ చేసి వాల్వు తిప్పడమే. గంజిలో పిండిపదార్థం తప్ప ఫాస్ఫేటు దాదాపు ఉండదు. పాలు, మజ్జిగలో ఉంటుంది.

ఇలాంటి ముప్పున్నవాళ్లను ముందు గుర్తుపట్టాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఈ ఊళ్లోనూ కేస్‌షీట్‌లో బరువు గడి ఖాళీగా ఉండిపోతుంటే బాధగా ఉంటుంది. మూడు నుంచి ఆరు నెలల్లో 60 కిలోల మనిషి 54కి దిగితే అది 10 శాతం, ప్రమాద ఘంటిక. లేవలేని మనిషికి టేపు చాలు. ఎడమ భుజం ఎముక కొనకూ మోచేతికీ సరిగ్గా మధ్య, చెయ్యి వదులుగా వేలాడదీసి, బిగించకుండా చుట్టాలి. పెద్దవాళ్లలో 23.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) 20 లోపు ఉండొచ్చు. గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, కణతలు గుంటపడ్డాయా చూడండి. రక్త పరీక్షలో చూసే ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని నమ్ముకోకండి, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పడిపోతుంది. లావుగా ఉన్నవాళ్లకు పోషకాహార లోపం ఉండదనుకోవడమూ పొరపాటే.

బీఎంఐ 16 లోపున్నా, 15 శాతం బరువు తగ్గినా, పది రోజులకు పైగా తిండి లేకపోయినా ముప్పు ఎక్కువ. అలాంటివాళ్లకు మొదటి రోజు కిలోకి 10 క్యాలరీలు మించకూడదు. 45 కిలోల మనిషికి రోజంతటికీ 450. ఆరు విడతలుగా పంచితే విడతకు 75, అంటే సుమారు అర గ్లాసు పాలు. ఇంటి నుంచి నిండు టిఫిన్‌ క్యారియర్ తెచ్చిన అమ్మకు ఈ లెక్క చెప్పడం కష్టం, అయినా ఓపిగ్గా చెప్పాలి. తినిపించడానికి ముందే థయమిన్ మొదలుపెట్టి, రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులు ఇస్తారు. ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూస్తూ, లోటును అప్పటికప్పుడు పూడుస్తూ, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పూర్తి ఆహారానికి తీసుకెళతారు. ఫాస్ఫేటు పడిపోయిందని తిండి మొత్తం ఆపేయరు. పెంచడం ఆపి, అవసరమైతే తగ్గించి, ఫాస్ఫేటు ఎక్కిస్తారు.

రోజూ ఉదయం అదే తూకం మీద, అదే బట్టలతో బరువు చూడండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే కండ పట్టిందని సంతోషించకండి. ఇన్సులిన్ మాట విని కిడ్నీలు ఉప్పును పట్టుకుంటాయి, దాంతో పాటే నీరు నిలుస్తుంది. కాలి చీలమండ పైన వేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట అలాగే ఉండిపోతే డాక్టరుకు చెప్పి, ఆ రోజే ఫాస్ఫేటు మళ్లీ చూపించండి.